యూదా ఇచ్చిన జమానత్

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు చెప్తారు. ఈసారి రెండో మాట నాకు వచ్చింది. మనిషికి పదిహేను నిమిషాలు, మధ్య మధ్య పాటలు. పన్నెండింటికి మొదలైతే మూడింటికి అయిపోవాలి. అయ్యగారు ముందే హెచ్చరించారు, "అమ్మా, మీరు కోర్టు సంగతుల్లోకి పోయిండ్రంటే మూడో మాట వాళ్లకు టైం మిగలదు" అని. పోలేదు, పద్ధతిగా ముగించి దిగిపోయాను. అక్కడ మింగేసిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ గడియారం చూపించేవాళ్లు లేరు.

రెండో మాట అంటే "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు." అందరూ పరదైసు గురించే చెప్తారు. నా కన్ను ఎప్పుడూ రెండు వచనాల ముందే ఆగుతుంది. పక్క సిలువ మీదున్న దొంగ రెండోవాణ్ని గద్దించి, మనకు పడింది న్యాయమైన శిక్షే గాని "యీయన ఏ తప్పిదమును చేయలేదు" అంటాడు. లూకా 23:41.

ముప్పై ఏళ్లకు పైగా కోర్టు ఉద్యోగం చేసినదాన్ని. కాపీయిస్టుగా చేరి, చాలాకాలం బెంచ్ క్లర్క్‌గా కూర్చుని, రిటైరై కాజీపేటలో ఉంటున్నాను. యేసును పట్టుకున్న ఆ రాత్రి, ఆ మర్నాడు జరిగినదాన్ని మిసిల్ (కేసు ఫైలు) చదివినట్టే చదువుతాను. అలవాటు పోదు. ప్రాసిక్యూషన్ సాక్షులు చాలామంది వచ్చారు గాని వాళ్ల మాటలు ఒకదానికొకటి పొసగలేదని మార్కు 14వ అధ్యాయంలో రెండుసార్లు రాశాడు. ఏ కోర్టయినా అక్కడితో కేసు కొట్టెయ్యాలి. కొట్టెయ్యలేదు, ముద్దాయి నోటి నుంచే ఒక మాట రప్పించి దాని మీద నేరం నిలబెట్టారు. ఇక జడ్జి రోమా గవర్నరు పిలాతు. ఇతనిలో నాకు ఏ నేరమూ కనబడలేదని లూకా లెక్కలోనే మూడుసార్లు అన్నాడు: 4, 14, 22 వచనాలు. ఆ నీతిమంతుడి జోలికి పోవద్దని ఇంట్లోంచి భార్య కబురు కూడా పంపింది. డిఫెన్స్ సాక్షి మాత్రం ఒక్కడే. వాడూ శిక్ష పడ్డ ఖైదీ. వాడి వాంగ్మూలం వచ్చేసరికి శిక్ష అమలు జరుగుతూ ఉంది.

పిలాతు మాటల్లో నాకు మింగుడుపడనిది 16వ వచనం. నేరం లేదన్నవాడే "నేనితనిని శిక్షించి విడుదల చేయుదును" అంటాడు. నేరం లేకపోతే కొరడా ఎందుకు? ఇది అటు జనానికి, ఇటు మనస్సాక్షికి నడుమ కుదుర్చుకున్న బేరం. ఈ బేరం నేను చూసిందే. చిన్న దొంగతనం కేసులో రిమాండులో ఉన్నవాడి చెవిలో ఎవరో ఒకరు ఊదుతారు: "ఒప్పుకో, ఉన్న దినాలే శిక్ష కింద కడ్తరు, పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటవు. కాదంటవా, ఇంకో ఏడాది పేషీలు తిరుగు." జడ్జిగారు అడగాల్సిందే అడుగుతారు, ఎవరైనా బలవంతం చేశారా అని. లేదు సార్, అంటాడు. సంతకం. ఆ సాయంత్రం నిజంగానే ఇంట్లో ఉంటాడు. కాని ఆ తర్వాత వాడలో సైకిల్ పోయినా మోటరు పంపు పోయినా మొదట తట్టేది వాడి తలుపే.

ఒక కేసు చెప్తాను. ఏ ఊరి కోర్టో, ఏ స్టేషనో చెప్పను. పత్తి సీజన్లో ఒక వ్యాపారి గల్లాపెట్టెలోంచి డబ్బు పోయింది. అక్కడ బస్తాలు మోసే హమాలీని పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడు, ఇంటికి తీసుకుపోయి డబ్బు చూపించాడు అని పంచనామా. పోలీసుల ముందు ఒప్పుకున్నది ముద్దాయికి వ్యతిరేకంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అదే 23వ సెక్షన్. తెల్లదొరలు రాసిన చట్టంలోనే, మన పోలీసుల చేతిలో మనిషి నోరు ఎట్లా తెరుచుకుంటుందో తెలిసి రాసిన సెక్షన్ అది. అయితే ఒక మినహాయింపు ఉంది. అతను చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. అందుకే ఇలాంటి కేసులన్నీ ఆ దొరికిన వస్తువు మీదా, దొరికినప్పుడు అక్కడ ఉన్నామని చెప్పే ఇద్దరు పంచుల మీదా నిలబడతాయి.

ముద్దాయి తరఫున లీగల్ ఎయిడ్ నుంచి వచ్చిన కుర్ర వకీలు. నల్లకోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతుండేది, అన్నగారిదో ఎవరిదో. మొదటి పంచు బోనులో ఉండగా రెండో పంచును బయట వరండాలో కూర్చోబెట్టారు. అది ఎప్పుడూ చేసేదే. "డబ్బు యాడ దొరికింది?" "ఇంట్లనే." "ఇంట్ల యాడ?" "బియ్యం డబ్బల." "డబ్బ యాడుంది?" "వంటింట్ల, పొయ్యి పక్కకు." కుర్రాడు ఇంకేం అడగకుండా కూర్చున్నాడు. నాకు ఆశ్చర్యమైంది, అప్పుడే కూర్చున్నాడేంటా అని. రెండో పంచు వచ్చాడు. అవే ప్రశ్నలు, అదే గొంతు. "మంచం కింద రేకు పెట్టెల." "మంచం యాడుంది?" "ముందటర్రల." పంచనామాలో ఈ రెండూ లేవు, అటక మీద గోనెసంచిలో అని ఉంది. ప్రభుత్వం తరఫు వకీలు పీపీగారు ఫైలు తిరగేస్తూనే ఉన్నారు. ఆఖరికి ఆ రెండో పంచు విసుగొచ్చి చెప్పేశాడు: "సార్, నాకేమెరుక? స్టేషన్ల సంతకం పెట్టుమన్నరు, పెట్టిన."

కేసు కొట్టేశారు. అప్పటికి ఆ మనిషి ఆ మార్కెట్లో పని పోగొట్టుకుని, మేస్త్రీ దగ్గర కూలికి పోతున్నాడు. తీర్పు కాపీ కావాలా అని అడిగితే "ఎందుకమ్మా, దాన్నేం జేసుకోవాలె" అన్నాడు.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర నా తోటి ఉద్యోగిని, ఫాతిమానగర్ కేథలిక్ ఆవిడ, "ఇది మా దానియేలు పదమూడులో ఉన్నదే గదా" అంది. మా బైబిల్లో దానియేలు పన్నెండుతో అయిపోతుంది. ఆమె దగ్గర పుస్తకం తెచ్చుకుని చదివాను. సూసన్న అనే ఇల్లాలు. తోటలో ఆమె మీద కన్నేసిన ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరూ న్యాయాధిపతులే, ఆమె లొంగకపోయేసరికి పరాయి యువకుడితో ఉండగా చూశామని సాక్ష్యం చెప్పారు. సాక్షులు ఇద్దరు, పైగా పెద్దలు. జనం నమ్మి మరణశిక్ష ఖాయం చేశారు. చంపడానికి తీసుకుపోతుంటే దానియేలు అనే కుర్రాడు అడ్డం పడి, విచారించకుండానే చంపుతారా, ఇద్దర్నీ వేర్వేరుగా నిలబెట్టండి అన్నాడు. అడిగింది ఒకటే ప్రశ్న: ఏ చెట్టు కింద చూశారు? ఇద్దరూ రెండు చెట్లు చెప్పారు. అంతే. మా వాళ్లు ఆ అధ్యాయాన్ని లేఖనంగా ఒప్పుకోరు కాబట్టి పులుపిటు మీద చెప్పలేను. కుర్ర వకీళ్లకు మాత్రం చెప్తుంటాను. క్రాస్ ఎగ్జామినేషన్ గురించి అంత పొట్టిగా, అంత బాగా రాసింది నేను ఇంకోటి చదవలేదు.

మా బైబిల్లో ఉన్న నియమం ద్వితీయోపదేశకాండంలోది. ఒక్కడి సాక్ష్యం మీద ఎవరినీ చంపకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. చంపాల్సి వస్తే మొదటి రాయి ఆ సాక్షులే వెయ్యాలి (17:6, 7). చెప్పి చేతులు దులుపుకుని ఇంటికి పోవడం కుదరదు. సాక్షి అబద్ధమాడాడని తేలితే, ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని చూశాడో అదే వాడికి వెయ్యాలి (19:19). మన చట్టంలోనూ దీనికి దగ్గరిదే ఒకటుంది. మరణశిక్ష పడే కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పి, దానివల్ల నిరపరాధి ఉరికి పోతే ఆ సాక్షికి మరణశిక్ష దాకా వెయ్యొచ్చు. పాత పీనల్ కోడ్‌లో 194, ఇప్పుడు న్యాయ సంహితలో 230. రాతలో ఉంది. నేను బోనెక్కి మాట మార్చేసి హోస్టైల్ అయిన సాక్షుల్ని బస్సుకు పట్టనంత మందిని చూశాను గాని, అబద్ధపు సాక్ష్యానికి జైలుకు పోయినవాడు మాత్రం నా కంట పడలేదు.

ఇద్దరు సాక్షులు చాలన్న నియమం ఎట్లా తిరగబడుతుందో కూడా బైబిలే రాసిపెట్టింది. మొదటి రాజులు 21. అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట కావాలి. నాబోతు తాతల భూమి ఇయ్యనన్నాడు. రాణి యెజెబెలు రాజు ముద్రతో లేఖలు పంపింది: ఉపవాసం చాటించండి, పనికిమాలినవాళ్లను ఇద్దరిని అతనికి ఎదురు నిలబెట్టండి, దేవుణ్నీ రాజునూ దూషించాడని చెప్పించండి. ఉపవాసమూ అయింది, సాక్షులు ఇద్దరూ కుదిరారు, ఊరి పెద్దలు కూర్చున్నారు, రాళ్లతో కొట్టి చంపారు. కాగితం మీద ఒక్క తప్పు లేదు. భూమి కోసం కేసులు పెట్టడం ఎరిగిన మన పల్లెల్లో ఈ అధ్యాయం ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. మన సాక్ష్య చట్టం ఇంతమంది సాక్షులుండాలని అడగదు (పాతది 134, కొత్తది 139). ఒక్కడు నిఖార్సుగా చెప్తే చాలు, పదిమంది చెప్పినా నమ్మకం కుదరకపోతే వద్దు. నాకు రెండూ సబబుగానే ఉన్నాయి. ఇద్దరు కావాలనడం తొందరకు కళ్లెం, లెక్క ముఖ్యం కాదనడం నాబోతు కేసుకు జవాబు.

ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చేది మా మరిదితో. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, సంఘంలో పెద్ద. గుడ్ ఫ్రైడే ప్రసంగం బాగుందని మెచ్చుకుని, టీ తాగుతూ అసలు మాట బయటపెట్టాడు.

"అంత మంచిగనే ఉంది గని వదినా, కొందరికి కోర్టులెందుకు చెప్పు? సాక్ష్యాలు, పేషీలు, జమానత్‌లు... ఇరవై ఏండ్లు గుంజుతరు. గట్లాంటోళ్లను గప్పుడే తీసెయ్యాలె."

"గట్లాంటోళ్లని ఎవరు తేల్చిండ్రు?"

"టీవీల జూడలేదా?"

అతను మాట్లాడేది ఎన్‌కౌంటర్ల గురించి. మా ఊళ్లో ఇది దూరపు సంగతి కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒక పిల్ల తర్వాత చనిపోయింది. దాడి జరిగిన కొద్ది రోజులకే అనుమానితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో పోయారు. తమ మీద దాడి చేసి పారిపోబోతే కాల్చామని పోలీసులన్నారు. ఊరంతా పండుగే. పూలదండలు, మిఠాయిలు. పదకొండేళ్ల తర్వాత, 2019 డిసెంబరు 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ హత్య కేసు అనుమానితులు నలుగురు. మళ్లీ పూలు. ఈసారి మా సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా "దేవునికి స్తోత్రం" అని పెట్టినవాళ్లు తక్కువ లేరు. ఆ నలుగురి విషయం విచారించడానికి సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు సంఘటన నాటికి మైనర్లని అందులో ఉంది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఆ నివేదిక గురించి మా గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు.

వాళ్లు నేరం చేయలేదని నేను అనడం లేదు. చేసి ఉండొచ్చు. నా మాటల్లా ఏమిటంటే, చేశారా లేదా అనేది ఇక ఎప్పటికీ ఎవరూ తేల్చలేరు. నిరపరాధిని కాపాడే నియమాలన్నీ నిరపరాధి ఎవరో తెలియకముందే పని చెయ్యాల్సినవి. నుదుటి మీద రాసి ఉండదు కదా. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమనే ఇరవై రెండో అధికరణం, నీకు నువ్వే సాక్షివి కానక్కర్లేదనే ఇరవయ్యో అధికరణం, అందరికీ ఒకేలా వర్తిస్తేనే హమాలీకి వర్తిస్తాయి. "గట్లాంటోళ్లకు" వద్దని ఒక తలుపు తెరిస్తే, ఆ తలుపులోంచి ఎవరిని తోస్తారో తోసేవాళ్లే నిర్ణయిస్తారు.

మరిది ఊరుకుంటాడా? రోమా 13 తీశాడు. అధికారులు ఊరక ఖడ్గం ధరించరని. సరే, ఆ మాట రాసిన పౌలు కథే చూద్దామన్నాను. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. తెల్లారి, నిమ్మళంగా వెళ్లిపొమ్మని కబురంపారు. పౌలు కదల్లేదు. బహిరంగంగా కొట్టి, ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. ఈ వచనం మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు, అర్ధరాత్రి పాటలూ భూకంపమూ దగ్గరే అందరూ ఆగిపోతారు. కైసరయలో గవర్నరు ఫేలిక్సు లంచం దొరుకుతుందేమోనని మాటిమాటికీ పిలిపించి, రెండేళ్లు గడిచాక బదిలీ అయిపోతూ కూడా పౌలును జైల్లోనే వదిలిపోయాడు (24:26, 27). ఇవాళ్టి లెక్కలో విచారణ ఖైదీ. తర్వాత వచ్చిన ఫేస్తు, నేరం మోపినవాళ్లను ముఖాముఖి నిలబెట్టి, జవాబు చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వకుండా ఏ మనిషినీ అప్పగించడం రోమీయుల ఆచారం కాదన్నాడు (25:16). ఖడ్గం చేతిలో ఉన్నవాడే ఆ మాటన్నాడు.

"మరి సచ్చిన పిల్ల తల్లి కడుపుకోత?" అన్నాడు మరిది. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. నేనూ ఆడపిల్ల తల్లినే. దానికి జవాబు విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం కేసులో ఉంది. 2007లో హాస్టల్లో ఉన్న విద్యార్థినిని చంపారు. ఒక పేద దళిత యువకుణ్ని పట్టుకొచ్చారు, 2010లో శిక్ష పడింది. ఇతను కాదు మొర్రో అని మొత్తుకున్నది ఎవరనుకున్నారు, చనిపోయిన పిల్ల తల్లిదండ్రులే. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇప్పించింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నందుకు లక్ష. ఆ ఎనిమిదేళ్లూ అసలువాడు బయటే తిరిగాడు. ఆ తల్లికి జరిగిన మేలేమిటి? దొరికినవాణ్ని దోషి అన్న రోజే అసలువాడికి విడుదల దొరికింది.

సుప్రీంకోర్టు దాకా పోతే సరవుతుందనుకోవడానికీ లేదు. మహారాష్ట్రలో ఒక సంచార తెగకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులంది, మనిషికి ఐదు లక్షలు ఇమ్మంది. ఈ మధ్యలో ఉరి అమలై ఉంటే ఆ డబ్బు ఎవరికి ఇచ్చేవాళ్లు? మరిది దీనికి జవాబు చెప్పలేదు, టీ చల్లారిందన్నాడు.

పరిహారం సంగతి కూడా కొంచెం చెప్పాలి. మన దగ్గర దీనికి పద్ధతంటూ లేదు, జడ్జిగారి దయను బట్టి. బీహార్‌లో రుదుల్ సాహ్ అనే ఆయన్ని 1968లో నిర్దోషి అని తేల్చి కూడా పద్నాలుగేళ్లు జైల్లోనే ఉంచేశారు. 1983లో సుప్రీంకోర్టు మొత్తం ముప్పై ఐదు వేలు ఇప్పించింది, అప్పటికి అదే గొప్ప తీర్పు. కారణం లేకుండా అరెస్టు చేయించినవాడి దగ్గర మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించొచ్చని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 358వ సెక్షన్ ఉండేది, గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో, తప్పుడు కేసులకు బలైనవాళ్లకు పరిహారం హక్కుగా రావాలి, దానికి ప్రత్యేక కోర్టులు పెట్టాలి అని సిఫారసు చేసింది. కొత్త చట్టాలు మూడు వచ్చాయి, ఆ సిఫారసు మాత్రం వాటిలోకి రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఇది రాయడానికి కారణమూ ఇదే.

2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే ఏ కోర్టూ దోషి అనని మనుషులు. వీళ్లలో కొందరికి బెయిలు వచ్చే ఉంటుంది. పూచీ పడి సంతకం పెట్టే జమానత్‌దారులు దొరక్క లోపలే ఉంటారు. 1978లో మోతీరాం కేసు అని ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీ. బెయిలిమ్మని సుప్రీంకోర్టు చెప్పినా, కింద మేజిస్ట్రేటు పదివేల పూచీ అడిగారు. తమ్ముడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును కడిగిపారేశారు. అయినా ఇవాళ్టికీ ఏ కోర్టు వరండాలో చూసినా పరిస్థితి పెద్దగా మారలేదు. కూలివాడికి పూచీ ఇచ్చేవాడు ఇంకో కూలివాడే అవుతాడు, వాడికి పాసుపుస్తకం ఉండదు.

మా సంఘంలో ఒక విధవరాలి కొడుకు ఇట్లాగే ఉన్నాడు. ఆటో నడుపుతాడు. ఎక్కిన ప్రయాణికుడి బ్యాగులోంచి డబ్బు, ఫోను పోయాయని కేసు. బెయిలు వచ్చింది, ఇద్దరు జమానత్‌దారులు కావాలన్నారు, దొరకలేదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి దగ్గర మన సెంట్రల్ జైలు ఉన్నప్పుడైతే తల్లి నడుచుకుంటూ ములాఖత్‌కు పోయేది. 2021లో ఆస్పత్రి కోసం జైలు కూలగొట్టాక ఖైదీలను తలో చోటికి పంపారు. ఇప్పుడామె ఖమ్మం రైలెక్కి పోయి వస్తోంది. క్రిస్మస్‌కు జైల్లో కేకులు పంచడానికి మా వాళ్లు బ్యానరు కట్టుకుని పోతారు, ఫోటోలు దిగుతారు. మంచిదే. ఖైదీలను వాళ్లతో కూడా బంధించబడినట్టే జ్ఞాపకం చేసుకోమని హెబ్రీ పత్రికలో ఉంది కాబట్టి. కాని జమానత్ మాట ఎత్తితే సంఘ పెద్దలు వెంటనే సామెతలు 6 తెరిచారు. పొరుగువాడికి పూచీ పడితే చిక్కుకున్నావు, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో. ఉంది, నిజమే. సామెతల్లో పూచీ వద్దని ఒక్కచోట కాదు, చాలాచోట్ల ఉంది.

అప్పుడు ఆదికాండం 43, 44 తీశాను. చిన్న కొడుకు బెన్యామీనును ఐగుప్తుకు పంపడానికి యాకోబు ఒప్పుకోకపోతే, యూదా తండ్రితో "నేను అతనిగూర్చి పూటపడుదును" అన్నాడు, అంటే పూచీ నాది, నా దగ్గరే అడుగు అని. పోయారు, తిరిగొస్తుంటే దారిలో ఆపి సోదా చేశారు. పెద్దవాడి సంచి నుంచి చిన్నవాడి సంచి దాకా. వెండి గిన్నె బెన్యామీను సంచిలో దొరికింది. పెట్టించింది ఐగుప్తులో అధికారిగా ఉన్న వాళ్ల తోబుట్టువు యోసేపే, చదివే మనకు తెలుసు. యూదాకు తెలియదు. వస్తువు దొరికింది, సోదా అందరి ముందే జరిగింది, ఏ పంచనామాకైనా నిలబడే కేసు. యూదా అక్కడ నా తమ్ముడు తీయలేదని ఒక్కమాట అనడు. తీశావా అని తమ్ముణ్నీ అడగడు. నీ దాసుల నేరం దేవుడే కనుగొన్నాడని కూడా అంటాడు. అని, వాడికి బదులు నన్ను బానిసగా ఉంచుకో, పిల్లవాణ్ని పంపెయ్ అంటాడు.

ఆటో అబ్బాయి ఫోను తీశాడో లేదో నాకు తెలియదు. తల్లికీ తెలియదు. తేల్చాల్సింది కోర్టు, ఆ రోజు వచ్చేదాకా వాడు ఇంట్లో ఉండి పేషీలకు రావచ్చని కోర్టే చెప్పింది. వాడు తీయలేదని తేలితేనే సంతకం పెడతానంటే ఆ సంతకం అవసరమే ఉండదు. పెద్దల్లో ఇద్దరికి ఈ మాట నచ్చలేదు. ఒకాయన, మీరు కోర్టు మనిషి, మీకు అలవాటు, మాకు భయం అన్నారు. భయం తప్పేం కాదు. ముద్దాయి పేషీకి రాకపోతే జమానత్‌దారుకు నోటీసు వస్తుంది, పూచీ మొత్తం కట్టాల్సి రావచ్చు. అది దాచి ఎవరినీ అడగకూడదు.

వకీలు లేదని ఎవరైనా అంటే 15100కు ఫోన్ చెయ్యమనండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మన అదాలత్ దగ్గర కోర్టుల్లోనే ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం రిమాండులోనే గడిపేస్తే వదలాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా కుదరదు. అర్జీ పెట్టాల్సిన పని జైలు సూపరింటెండెంటుది, కాని లోపలున్నవాడికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మా మరిది మాత్రం ఆశ్చర్యపరిచాడు. ఎన్‌కౌంటర్ల విషయంలో ఇప్పటికీ తన మాట తనదే, నా మాట నాదే. కాని నిన్న పొద్దున వచ్చి, "ఆ పిల్లగానికి ఒక సంతకం నేను పెడత వదినా, వాళ్ల నాయన నాతోని పనిచేసిండు" అన్నాడు. రెండో సంతకం నాది. మా కోర్టులో జమానత్‌కు ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, ఇంటి పన్ను రసీదు పట్టుకుపోవాలి. అతని రసీదు పోయిన ఏడాదిది, అది చెల్లదన్నాను. సోమవారం మున్సిపల్ ఆఫీసుకు పోయి కట్టి వస్తానన్నాడు.